యాప్ ఆగింది, లాభం పెరిగింది

2023 మే 8, సోమవారం. ఇండోనేషియాలో బ్యాంక్ షరియా ఇండోనేషియా అనే ఇస్లామిక్ బ్యాంకు ఖాతాదారుల ఫోన్లలో యాప్ తెరుచుకోలేదు. ఏటీఎంలు డబ్బివ్వలేదు. శాఖలకు వెళ్లినా పని జరగలేదు. సాంకేతిక నిర్వహణ పనులు జరుగుతున్నాయని బ్యాంకు మొదట చెప్పింది. ఏటీఎంలు, శాఖలు దారిలో పడటానికే మూడు నాలుగు రోజులు పట్టింది. ఆ వారం తిరగకముందే లాక్‌బిట్ అనే హ్యాకర్ల ముఠా ఇది తమ పనేనని ప్రకటించింది. కోటిన్నర మంది ఖాతాదారుల వివరాలతో కలిపి ఒకటిన్నర టెరాబైట్ల సమాచారం తమ చేతిలో ఉందని చెప్పుకుంది. అడిగిన సొమ్ము ముట్టలేదని, గడువు దాటాక కొంత సమాచారాన్ని ఇంటర్‌నెట్ చీకటి మూలల్లో పెట్టేసింది. ఖాతాదారుల డబ్బుకూ వివరాలకూ ఢోకా లేదని బ్యాంకు అంటూ వచ్చింది.

దేశమంతా ఇబ్బంది పడింది కానీ, ఆచె రాష్ట్రం పడిన ఇబ్బంది వేరు. సుమత్రా దీవి ఉత్తరపు కొసన ఉన్న ఆచెను 2004 సునామీ వల్ల మనమూ ఎరుగుదుం. ఇండోనేషియాలో షరియా చట్టాలను అమలు చేసుకునే ప్రత్యేక అధికారం ఉన్న రాష్ట్రం అదొక్కటే. అక్కడి శాసనసభ 2018లో ఒక చట్టం చేసింది. రాష్ట్రంలో పనిచేసే ఆర్థిక సంస్థలన్నీ మూడేళ్లలో వడ్డీ లేని షరియా పద్ధతికి మారాలి. 2022 నాటికి వడ్డీ బ్యాంకులు సర్దుకుని వెళ్లిపోయాయి, లేదా తమ ఖాతాలను షరియా బ్యాంకులకు అప్పగించాయి. జీతాలు, పింఛన్లు, వ్యాపారుల చెల్లింపులు అన్నీ ప్రధానంగా బ్యాంక్ షరియా ఇండోనేషియా మీదా, రాష్ట్ర ప్రభుత్వ ఆధ్వర్యంలోని బ్యాంక్ ఆచె షరియా మీదా వచ్చి పడ్డాయి. జకార్తాలో ఒక బ్యాంకు మొరాయిస్తే జేబులో ఇంకో బ్యాంకు కార్డు ఉంటుంది. ఆచెలో ఎంతోమందికి ఆ రెండో కార్డు లేదు. వడ్డీ బ్యాంకులను మళ్లీ రానిచ్చేలా చట్టాన్ని సవరించాలన్న మాట ఆ నెలలోనే రాష్ట్ర శాసనసభ నాయకత్వం నుంచే వచ్చింది.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. బ్యాంక్ షరియా ఇండోనేషియా నికర లాభం 2022లో 4.26 లక్షల కోట్ల ఇండోనేషియా రుపయాలు. సేవలు ఆగిపోయిన 2023లో అది 5.70 లక్షల కోట్లకు పెరిగింది. మన రూపాయల్లో సుమారు 3 వేల కోట్లు. 2024లో ఏకంగా 7 లక్షల కోట్ల రుపయాలు దాటింది. వార్షిక నివేదికలో లాభాల పట్టిక మాత్రమే చదివేవారికి ఆ మే నెల కనిపించదు. కాబట్టి డిజిటల్ వల్ల ఇస్లామిక్ బ్యాంకుల పనితీరు మెరుగుపడిందా అని అడిగే ముందు, పనితీరు అని దేన్ని అంటున్నామో తేల్చుకోవాలి. వాటాదారుకు వచ్చిన లాభమా? ఖాతాదారు డబ్బు కావాలన్నప్పుడు చేతికి రావడమా? ఇస్లామిక్ బ్యాంకుల విషయంలో మూడో ప్రశ్న కూడా ఉంది. వడ్డీ లేకుండా, నిజమైన వ్యాపారం మీదే నడుస్తానని ఆ బ్యాంకు ఇచ్చిన మాట ఎంతవరకు నిలబడింది? నా దృష్టిలో ఈ మూడోదే అసలుది. డిజిటల్ దాన్ని నిలబెట్టనూ గలదు, ఉత్తి తంతుగా మార్చనూ గలదు.

ముందు ఆ మాట ఏమిటో చూద్దాం. ఇస్లాంలో వడ్డీ నిషిద్ధం. డబ్బు అప్పిచ్చి, కాలం గడిచిందన్న ఒక్క కారణంతో ఎక్కువ డబ్బు తీసుకోకూడదు. వ్యాపారం చేసి లాభం తీసుకోవచ్చు, అద్దె తీసుకోవచ్చు, భాగస్వామిగా ఉండి లాభనష్టాలు పంచుకోవచ్చు. అందుకని ఇస్లామిక్ బ్యాంకు అప్పు ఇవ్వడానికి బదులు వస్తువు కొని అమ్ముతుంది. ఈ పద్ధతి పేరు మురాబహా.

ఒక లెక్క వేసుకుందాం. ఇండోనేషియాలో ఒక స్కూటర్ ధర 2 కోట్ల రుపయాలు అనుకోండి. అక్కడ మామూలు స్కూటర్ ఇంచుమించు ఆ ధరకే దొరుకుతుంది. బ్యాంకు దాన్ని షోరూమ్ నుంచి కొంటుంది. కొన్న ధర ఇంత, నా లాభం ఇంత అని దాచకుండా చెప్పి, కొనేవారికి 2 కోట్ల 40 లక్షలకు అమ్ముతుంది. నెలకు 10 లక్షల చొప్పున 24 వాయిదాలు. వడ్డీ బ్యాంకులో ఈఎంఐ కట్టినా నెలకు జేబులోంచి పోయేది ఇంచుమించు అంతే కావచ్చు. మరి తేడా ఎక్కడ? స్కూటర్ కాసేపైనా బ్యాంకు సొంతం కావాలి. ఆ కాసేపట్లో దానికి ఏదైనా జరిగితే నష్టం బ్యాంకుదే. అమ్మిన ధర ఒకసారి ఖాయమయ్యాక పెరగదు. వాయిదా తప్పితే బాకీ మీద బాకీ పెరిగి చక్రవడ్డీగా మారడం ఉండదు. కట్టగలిగి కూడా ఎగ్గొట్టేవారి మీద జరిమానా వేయవచ్చని ఇండోనేషియా ఉలేమా (మతపండితుల) మండలి ఒప్పుకుంది. అయితే ఆ సొమ్ము బ్యాంకు లాభంలో కలవకూడదు, సామాజిక నిధికి పోవాలి.

ఇలా ఉన్నప్పుడు ఏ పని ముందు, ఏది తర్వాత అన్నదే ప్రాణం. చాలాసార్లు బ్యాంకు తానే షోరూమ్‌కు వెళ్లదు. నా తరఫున నువ్వే కొను అని ఖాతాదారునే ఏజెంటుగా పెట్టుకుంటుంది. అప్పుడు ముందు ఏజెన్సీ ఒప్పందం కావాలి, తర్వాత కొనుగోలు, వస్తువు బ్యాంకుదయ్యాకే అమ్మకం ఒప్పందం. 2000 సంవత్సరంలో ఇండోనేషియా ఉలేమా మండలి ఇచ్చిన మురాబహా ఫత్వాలోనే ఈ షరతు ఉంది. ఈ క్రమం తప్పితే, తనది కాని వస్తువును బ్యాంకు అమ్మినట్టవుతుంది. అంటే చేతికి డబ్బిచ్చి ఎక్కువ డబ్బు రాబట్టుకున్నట్టే. పేరు మురాబహా, లోపల వడ్డీ.

కాగితాల కాలంలో ఈ క్రమాన్ని పట్టించుకోవడం కష్టంగా ఉండేది. మూడు పత్రాలూ ఒకే బల్ల మీద, ఒకే విడతలో సంతకమైపోవచ్చు. తేదీలు తర్వాత నింపుకోవచ్చు. ఆరు నెలల తర్వాత షరియా ఆడిటర్ వచ్చి ఫైలు తెరిస్తే అన్నీ సక్రమంగానే కనిపిస్తాయి. యాప్‌లో అలా కుదరకుండా చేయవచ్చు. ఏజెన్సీకి ఒప్పుకుంటూ ఖాతాదారు ఓటీపీ కొట్టిన క్షణం నమోదవుతుంది. షోరూమ్ బిల్లు ఫోటో, ఇంజిన్ నంబరు ఎక్కితేగానీ అమ్మకం ఒప్పందం తెర మీదకు రాకుండా కట్టడి పెట్టవచ్చు. ఆడిటర్ నమూనాకు పదో ఇరవయ్యో ఫైళ్లు తీసి చూడనక్కర్లేదు. ఏ రోజు ఎన్ని ఒప్పందాలు క్రమం తప్పాయో అన్నింటినీ ఒకేసారి అడగవచ్చు. ఇస్లామిక్ బ్యాంకుకు డిజిటల్ చేయగల మేలు ఏదని అడిగితే నేను మొదట చెప్పేది ఇదే. యాప్‌లో నమాజు వేళలు, మక్కా ఉన్న కిబ్లా దిక్కు చూపించడం, జకాత్ దానం లెక్కగట్టడం వంటివి ఖాతాదారులకు ఇష్టమే, ఉండాల్సినవే. కానీ బ్యాంకును ఇస్లామిక్ చేసేది అవి కాదు, ఖాతాదారు కంటికి కనపడని ఈ క్రమమే.

ఇదంత తేలికగా జరగలేదు. బ్యాంకుల వెనక నడిచే కోర్ బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌లు ఎక్కువగా వడ్డీ బ్యాంకుల కోసం తయారైనవి. ఖాతా తెరవగానే వడ్డీ రేటు అడుగుతాయి. వాయిదా తప్పిన మరుసటి రోజు నుంచి అదనపు వడ్డీ లెక్కగట్టి ఆదాయంలో రాసేస్తాయి. వాటిని తెచ్చుకున్న ఇస్లామిక్ బ్యాంకులు ఆ గడులను మార్చుకోవాలి, జరిమానాను వేరే ఖాతాకు మళ్లించాలి, డిపాజిటర్లకు నెలనెలా లాభంలో వాటా పంచే లెక్కను కొత్తగా రాయించుకోవాలి. ఈ ఖర్చు ముందు వస్తుంది, ఫలితం తర్వాత వస్తుంది. డిజిటల్‌కు డబ్బు కుమ్మరించిన మొదటి ఏళ్లలో ఖర్చుల నిష్పత్తి చెడిపోయి కనిపించడం మామూలే. డిజిటల్ పెట్టుబడికీ ఇస్లామిక్ బ్యాంకుల లాభానికీ సంబంధం వెతికిన అధ్యయనాలు ఒక్కోటి ఒక్కో మాట చెప్పడానికి ఇదొక కారణం.

ఇప్పుడు నాణేనికి రెండో వైపు చూడటానికి మలేషియా వెళ్లాలి. ఇస్లామిక్ బ్యాంకింగ్‌కు ప్రత్యేక చట్టం 1983లోనే చేసుకున్న దేశమది. బ్యాంక్ ఇస్లామ్ కూడా ఆ ఏడాదే పుట్టింది. స్కూటర్ కొనేవారికి మురాబహా సరిపోతుంది. మరి కూతురి చదువుకో ఆసుపత్రి ఖర్చుకో నగదే కావాల్సినవారికి? అక్కడ కొనడానికి స్కూటర్ లేదు. అందుకని ఒక వస్తువును మధ్యలోకి తెచ్చారు. మలేషియాలో దండిగా దొరికే పామాయిల్.

కౌలాలంపూర్‌లో ఒకరికి 10,000 రింగిట్లు కావాలనుకుందాం. బ్యాంకు ఆ విలువకు ముడి పామాయిల్ కొంటుంది. ఆ నూనెను ఆయనకు, ఉదాహరణకు, 12,000 రింగిట్లకు వాయిదాల మీద అమ్ముతుంది. ఆయన దాన్ని వెంటనే 10,000 రింగిట్లకు నగదుకు అమ్మేస్తాడు. అమ్మే పని కూడా ఆయన తరఫున బ్యాంకే చేసిపెడుతుంది. ఆయన చేతికి 10,000 వచ్చింది, బ్యాంకుకు 12,000 బాకీ పడ్డాడు. నూనె ట్యాంకులో ఉన్నచోటే ఉంది. దీన్ని తవర్రుఖ్ అంటారు. ఈ కొనుగోళ్లూ అమ్మకాలూ ఎలక్ట్రానిక్‌గా జరగడానికి మలేషియా స్టాక్ ఎక్స్ఛేంజి 2009లో బుర్సా సూఖ్ అల్ సిలా అనే వేదికను తెరిచింది. అంతకుముందు ఫ్యాక్సులతో, ఫోన్లతో, లండన్ లోహాల మార్కెట్ బ్రోకర్ల ద్వారా నడిచిన తతంగం ఇప్పుడు నిమిషాల్లో తేలిపోతుంది. నూనె నిజంగా ఉంది, సరఫరాదారులు నిజంగా ఉన్నారు, కావాలని పట్టుబడితే సరుకు అప్పగించే ఏర్పాటూ ఉంది. ఇందులో బూటకం లేదు. కానీ పామాయిల్ కావాలని బ్యాంకుకు వచ్చినవారెవరు?

ఆ 2009లోనే, ఈ వేదిక తెరుచుకోవడానికి కొన్ని నెలల ముందు, షార్జాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ (న్యాయశాస్త్ర) అకాడమీ ఒక తీర్మానం చేసింది. ఇలా బ్యాంకే అన్నీ ఏర్పాటు చేసి, నగదు చేతిలో పెట్టే వ్యవస్థీకృత తవర్రుఖ్ చెల్లదని చెప్పింది. వస్తువు నిమిత్తమాత్రమై, చివరికి డబ్బుకు ఎక్కువ డబ్బు తీసుకోవడమే మిగిలిందన్నది పండితుల అభ్యంతరం. మలేషియా షరియా సలహా మండలి దానికి ఒప్పుకోలేదు. ప్రతి ఒప్పందమూ విడిగా సక్రమంగా ఉంటే మొత్తం చెల్లుతుందన్నది దాని మాట. 2012లో ఇస్లామిక్ బ్యాంకింగ్‌కు తలుపు తెరిచిన ఒమన్ మాత్రం తన నిబంధనల్లో తవర్రుఖ్‌ను పక్కన పెట్టింది. ఒకే మతగ్రంథం, మూడు చోట్ల రెండు జవాబులు.

మతపరమైన తీర్పు చెప్పడం నా పని కాదు, అది పండితులది. ఒక సామాన్య పరిశీలకుడిగా నాకు కనిపిస్తున్నది మాత్రం చెబుతాను. కాగితాల రోజుల్లో తవర్రుఖ్ ఖరీదైన వ్యవహారం. ఖరీదైనది కాబట్టి తప్పనప్పుడే చేసేవారు. కంప్యూటర్ దాన్ని చవక చేసింది, చవక అయ్యేసరికి అదే రాజమార్గమైపోయింది. ఫోన్ మీద ‘ఒప్పుకుంటున్నాను’ అని వేలు పెట్టినవారిలో, తాము ఆ క్షణాన పామాయిల్ యజమానులయ్యామని, మరుక్షణం కాకుండా పోయామని ఎంతమందికి తెలుసు? ఇందాక స్కూటర్ విషయంలో క్రమాన్ని కాపాడిన ఆ డిజిటలే ఇక్కడ క్రమాన్ని అక్షరాలా పాటిస్తూ, దాని వెనక ఉండాల్సిన వ్యాపారాన్ని కనుమరుగు చేసింది. బ్యాంకు లాభం, ఖర్చుల నిష్పత్తి, ఎంతమందికి సేవలందాయన్న సంఖ్య, ఈ గీటురాళ్లన్నింటి మీదా తవర్రుఖ్ వేదిక విజయమే. మూడో ప్రశ్న దగ్గరే ఇరుకున పడుతుంది.

వెనక్కి వెళ్తే, ఆధునిక ఇస్లామిక్ బ్యాంకింగ్‌కు బాట వేసినవాళ్లు కలగన్నది మురాబహా కూడా కాదు. లాభనష్టాల్లో భాగస్వామ్యం. మన పల్లెల్లో పొలం పాలుకిచ్చినట్టుగా, డబ్బు ఒకరిది, కష్టం మరొకరిది, వచ్చిన దాంట్లో ముందే అనుకున్న వంతు. పంట పోతే ఇద్దరికీ పోతుంది. దీన్ని ముదారబా అంటారు, ఇద్దరూ డబ్బు పెడితే ముషారకా. ఈజిప్టులో నైలు డెల్టాలోని మిత్ గమ్ర్ ఊళ్లో 1963లో అహ్మద్ అల్ నజ్జార్ మొదలుపెట్టిన పొదుపు బ్యాంకు ఆ దారిలో తొలి ప్రయత్నం. రాజకీయ కారణాలతో అది కొన్నేళ్లకే మూతపడింది. 1975లో దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు, 1977లో కువైట్ ఫైనాన్స్ హౌస్ వచ్చాయి. బ్యాంకులు పెరిగాయి కానీ భాగస్వామ్యం పెరగలేదు. కారణం ఏమంత రహస్యం కాదు. వ్యాపారి నిజంగా ఎంత సంపాదించాడో బ్యాంకుకు తెలియదు. లాభం వచ్చినా రాలేదంటే? రోజూ ఒక గుమాస్తాను దుకాణంలో కూర్చోబెట్టలేరు. అమ్మకం ఒప్పందంలో ఆ బెడద లేదు. ధర ఖాయం, వాయిదా ఖాయం. బ్యాంకులు తేలికైన దారిలో నడిచాయి.

సరిగ్గా ఇక్కడే డిజిటల్ వల్ల పరిస్థితి మారాలి. ఇండోనేషియాలో క్రిస్ అనే జాతీయ క్యూఆర్ కోడ్ 2019లో వచ్చింది. మన యూపీఐ కోడ్‌లాగే ఏ యాప్‌తోనైనా చెల్లించవచ్చు. తోపుడుబండి దగ్గర నుంచి మసీదు హుండీ దాకా అదే కోడ్. చిన్న హోటల్ నడిపే ఆమె రోజుకు ఎంత అమ్మిందో ఇప్పుడు ఖాతాలో కనిపిస్తుంది. నగదు అమ్మకాలు కొన్ని తప్పిపోవచ్చు, అయినా ఒక అంచనా ఉంది. ఒకప్పుడు గుమాస్తాను కూర్చోబెడితేగానీ తెలియనిది అడగకుండానే తెలుస్తోంది. అప్పుడు ఆమెకు 24 స్థిర వాయిదాల బాకీ అంటగట్టే బదులు, రోజువారీ రాబడిలో ఇంత శాతం అని పంచుకోవచ్చు. రంజాన్ పగళ్లలో వ్యాపారం తగ్గితే బ్యాంకు వాటా దానంతటదే తగ్గుతుంది, పండగ వారంలో పెరుగుతుంది. మలేషియాలో 2016లో ఆరు బ్యాంకులు కలిసి పెట్టుబడి ఖాతాల వేదిక ఒకటి పెట్టాయి. డబ్బున్నవారు ఏ చిన్న సంస్థలో పెడుతున్నారో చూసి, రిస్కు తెలిసే పెట్టాలన్నది ఆలోచన. మంచి ఆలోచన. బ్యాంకుల రోజువారీ వ్యాపారంతో పోలిస్తే మాత్రం అది చాలా చిన్నదిగానే ఉండిపోయింది. సాంకేతికత లేక కాదు. నష్టం పంచుకునే ధైర్యం బ్యాంకుకూ ఉండాలి, డిపాజిటర్‌కూ ఉండాలి.

డిపాజిటర్ ధైర్యం గురించి ఒక్క మాట. ముదారబా ఖాతాలో డబ్బు దాచుకున్నవారికి ఖాయమైన రాబడి ఉండకూడదు. వచ్చిన లాభంలో వంతు మాత్రమే. లాభం తగ్గితే వంతు తగ్గాలి. కానీ పక్క బ్యాంకు వడ్డీ ఎక్కువిస్తుంటే ఖాతాదారు అటు వెళ్లిపోతాడన్న భయంతో చాలా ఇస్లామిక్ బ్యాంకులు మంచి ఏడాది లాభంలో కొంత దాచి, చెడ్డ ఏడాది అందులోంచి పంచుతాయి, లేదా తమ వాటాను తగ్గించుకుంటాయి. దాంతో ఖాతాదారుకు ప్రతి ఏడూ వడ్డీ రేటు లాంటి సంఖ్యే కనిపిస్తుంది. కాగితాల పాస్‌బుక్ ఉన్నప్పుడు ఇది ఎవరికీ తెలిసేది కాదు. యాప్‌లో ఏ బ్యాంకైనా ఈ నెల మీ డబ్బు వేటిలో పెట్టాం, లాభమెంత, మీ వంతెంత, నిల్వ నుంచి కలిపిందెంత అని నాలుగు వరుసల్లో చూపించవచ్చు. లెక్కలన్నీ సర్వర్లో ఉన్నవే, తెర మీదకు తేవడమే తరువాయి.

ఇండోనేషియా బ్యాంకు లాభం దగ్గరికి మళ్లీ రావాలి. అది పెరగడంలో యాప్ పాత్ర ఎంత? 2021 ఫిబ్రవరిలో మూడు ప్రభుత్వరంగ షరియా బ్యాంకుల విలీనంతో పుట్టిన బ్యాంకది. విలీనంతో పరిమాణం వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగుల జీతాల ఖాతాలున్నాయి. హజ్ యాత్ర కోసం ఏళ్ల తరబడి దాచుకునేవారి పొదుపు ఉంది. బంగారం వ్యాపారం పెరిగింది. వీటన్నింటినీ మించి, రాబడి ఆశించకుండా భద్రత కోసం మాత్రమే డబ్బు ఉంచే వదియా ఖాతాలున్నాయి. వాటి మీద బ్యాంకు ఏమీ ఇవ్వనక్కర్లేదు. దాదాపు ఖర్చు లేని ఈ సొమ్మును వ్యాపారంలో పెడితే వచ్చేదంతా ఆదాయమే. దీన్నంతా డిజిటల్ పద్దులో రాసేసి, యాప్ పెట్టాం, లాభం పెరిగింది అనేస్తే సరిపోదు. డిజిటల్ వల్ల నిజంగా మారేవి వేరే ఉన్నాయి. ఖాతా తెరవడానికయ్యే ఖర్చు, ఒక చెల్లింపుకయ్యే ఖర్చు, మారుమూల దీవిలో ఉన్నవారికి శాఖ అవసరం లేకపోవడం. వీటిని విడదీసి చూపించే బ్యాంకు నివేదికలు అరుదు.

ఆ ఖర్చులేని డబ్బు సంగతి మన తెలుగువాళ్లకు నేరుగా తగులుతుంది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లినవారికి జీతం చేతికిచ్చే రోజులు తగ్గిపోయాయి. జీతాలు బ్యాంకుల వంటి అధికారిక సంస్థల ద్వారానే చెల్లించాలన్న విధానాన్ని యూఏఈ 2009లో, సౌదీ 2013లో మొదలుపెట్టాయి. అలా ఎంతోమంది మనవాళ్లు, మతమేదైనా, ఇస్లామిక్ బ్యాంకుల ఖాతాదారులయ్యారు. ప్రపంచంలో అతిపెద్ద ఇస్లామిక్ బ్యాంకుల్లో ఒకటైన సౌదీ అల్ రాజ్హీ బ్యాంకు డిపాజిట్లలో పెద్ద భాగం రాబడి అడగని కరెంటు ఖాతాల్లోదే. ఇంటికి పంపేలోపు కొన్ని రోజులు నిలిచే వలస కార్మికుల జీతాలు కూడా అలాంటి ఖాతాల్లోనే ఉంటాయి. డిజిటల్ ఇక్కడ బ్యాంకుకు ఎదురు తిరుగుతుంది. ఒకప్పుడు శుక్రవారం సెలవు దాకా ఆగి, వరుసలో నిలబడి పంపాల్సిన డబ్బు ఇప్పుడు జీతం పడ్డ రాత్రే ఫోన్లోంచి ఇంటికి చేరుతుంది. 2022 తర్వాత ప్రపంచంలో రేట్లు పెరిగినప్పుడు సౌదీలో డబ్బున్న ఖాతాదారులు కూడా రాబడి ఉన్న డిపాజిట్లకు డబ్బు మార్చుకున్నారు. ఖాతాలో కదలకుండా పడి ఉన్న డబ్బే ఇస్లామిక్ బ్యాంకుల లాభానికి ఆధారమైతే, యాప్ ఆ డబ్బుకు కాళ్లు ఇచ్చింది.

మన దేశంలో ఇలాంటి బ్యాంకు ఎందుకు లేదని హైదరాబాద్ పాతబస్తీలో అడిగేవారుంటారు. చిక్కు చట్టంలో ఉంది. 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం బ్యాంకులు సరుకులు కొని అమ్మే వ్యాపారం చేయకూడదు. స్కూటర్ కొని అమ్మడమే మురాబహాకు మూలం కాబట్టి మొదటి అడుగులోనే ఆగిపోతుంది. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీలేని బ్యాంకింగ్‌ను పరిశీలించాలని సిఫార్సు చేసింది. ఆ ప్రతిపాదనను ఇక ముందుకు తీసుకెళ్లడం లేదని రిజర్వు బ్యాంకు 2017లో చెప్పింది. ఈ ఖాళీలోకి వచ్చినవి హలాల్ పెట్టుబడి అని చెప్పుకున్న స్కీములు. 2018లో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న హీరా గ్రూప్ మీద, 2019లో బెంగళూరులోని ఐఎంఏ మీద వేలాది మంది మదుపరులు డబ్బు తిరిగి రాలేదని పోలీసుల దగ్గరికి వెళ్లారు. వడ్డీ వద్దనుకునే నమ్మకం ఆ మదుపరుల్లో నిజమైనది. వాళ్ల డబ్బు ఏ వ్యాపారంలో ఉందో చూపించే ఏర్పాటు, చూపించమని నిలదీసే నియంత్రణ సంస్థ మాత్రం వాళ్లకు లేకపోయాయి. నెలనెలా లాభం పడిందని ఫోన్‌కు వచ్చే సందేశాన్ని నమ్మారు.

ఇప్పుడు శాఖలే లేని ఇస్లామిక్ బ్యాంకులు వస్తున్నాయి. మలేషియా కేంద్ర బ్యాంకు 2022 ఏప్రిల్‌లో ఐదు డిజిటల్ బ్యాంకులకు అనుమతి ప్రకటించింది. వాటిలో రెండు ఇస్లామిక్. ఆ రెండింటిలో మొదటిదైన ఏయాన్ బ్యాంకు 2024 మేలో ప్రజల ముందుకు వచ్చింది. మొదటి మూడు నుంచి ఐదేళ్లు ఈ బ్యాంకుల ఆస్తులు 300 కోట్ల రింగిట్లు దాటకూడదని కేంద్ర బ్యాంకు పరిమితి పెట్టింది. సరైన జాగ్రత్త. ఆ గడువు ముగిసేనాటికి ఖాతాదారుల సంఖ్య, లాభం ఎటూ ప్రకటనల్లో వస్తాయి. నేను మాత్రం వాటి వార్షిక నివేదికల్లో ఒప్పందాల వారీ పట్టిక వెతుకుతాను. ఇచ్చిన సొమ్ములో తవర్రుఖ్ కింద ఎంత, వస్తువు కొని అమ్మింది ఎంత, లాభనష్టాలు పంచుకున్నది ఎంత. దాని పక్కనే ఇంకో వరుస ఉంటే బాగుంటుంది. ఆ ఏడాదిలో యాప్ ఎన్ని గంటలు పనిచేయలేదు.